రెండు ఇంటర్నెట్ లైన్లున్నా యాప్‌లన్నీ ఒకదాని మీదే పడుతుంటే

పెద్ద డౌన్‌లోడ్ వైర్ లైన్‌లో సాగాలి, వీడియో కాల్ ఫోన్ హాట్‌స్పాట్ మీద నడవాలి అనుకుని రెండూ కలిపి పెడతాం. కాల్ మొదలైన రెండు నిమిషాలకే మాట తెగుతుంది, అవతలివాళ్ల బొమ్మ బిగుసుకుపోతుంది. ఫోన్‌లో చూస్తే హాట్‌స్పాట్ డేటా అసలు కదిలి ఉండదు. ఇక్కడ చెప్పేవి విండోస్ 10, 11కి సంబంధించినవి. లైనక్స్ సంగతి చివర్లో ఉంది.

ఏ సెట్టింగూ ముట్టుకోకముందు విండోస్‌లోనే ఉండే రిసోర్స్ మానిటర్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో టీసీపీ కనెక్షన్స్ చూడండి. ప్రతి ప్రోగ్రామ్ వరుసలో లోకల్ అడ్రస్ ఉంటుంది. వైర్ లైన్ మీకిచ్చిన అడ్రస్ 192.168.1.23, హాట్‌స్పాట్ ఇచ్చింది 192.168.43.88 అనుకుందాం. బ్రౌజర్ పక్కన వీటిలో ఏది కనబడితే అది ఆ లైన్‌లో వెళ్తున్నట్టే. వీడియో కాల్‌లో మాట, బొమ్మ ఎక్కువగా టీసీపీలో కాక యూడీపీ అనే వేరే పద్ధతిలో వెళ్తాయి కాబట్టి ఆ జాబితాలో కనబడవు. వాటికి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద ఏ లైన్ గ్రాఫ్ లేస్తోందో చూడాలి.

సమస్య: అన్ని యాప్‌లూ ఒకే లైన్‌లో వెళ్తున్నాయి

కారణం: రూటింగ్ టేబుల్ (కంప్యూటర్ దారులు రాసుకునే జాబితా) చూసేది ప్యాకెట్, అంటే డేటా ముక్క, ఎక్కడికి వెళ్లాలన్నదే. ఏ యాప్ పంపిందో దానికి పట్టదు. బయటికి రెండు దారులుంటే మెట్రిక్ (దారి ప్రాధాన్యం చెప్పే) అంకె తక్కువున్న దారికే మొగ్గుతుంది. ఆ అంకెను విండోస్ మామూలుగా లైన్ వేగాన్ని బట్టి తనే వేసుకుంటుంది.

పరిష్కారం: చాలామంది కాల్ యాప్‌ను హాట్‌స్పాట్‌కి కట్టేయాలని చూస్తారు. అలాంటి యాప్‌లలో ఎక్కువ వాటికి లైన్ ఎంచుకునే సెట్టింగే ఉండదు. అందుకే మాట వినే యాప్‌ను పక్కకు జరిపి, వినని యాప్‌కి మెయిన్ లైన్ వదిలేయడం మేలు. హాట్‌స్పాట్ అడాప్టర్ ప్రాపర్టీస్‌లో ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4, అందులో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి, ఆటోమేటిక్ మెట్రిక్ టిక్ తీసి 10 వేయండి. వైర్ లైన్‌కి 50 వేయండి. ఇప్పుడు కాల్‌తో సహా అన్నీ హాట్‌స్పాట్ పడతాయి. తర్వాత డౌన్‌లోడ్ యాప్‌ను వైర్‌కి కట్టాలి. క్యూబిట్‌టోరెంట్‌లో అయితే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ అని ఉంటుంది, అక్కడ ఈథర్‌నెట్ ఎంచుకుంటే సరి. ఇలా కట్టాక వైర్ లైన్ పోయినా డౌన్‌లోడ్ ఆగుతుందే గానీ హాట్‌స్పాట్ డేటా మింగదు. నాకైతే అన్నిటికంటే ఇదే పెద్ద ఊరట.

బ్రౌజర్‌ను విడిగా పంపాలంటే ఫైర్‌ఫాక్స్ వాడండి, దానికి సొంత ప్రాక్సీ సెట్టింగ్స్ ఉన్నాయి. రెండో లైన్ అడ్రస్‌తో బయటికి వెళ్లేలా ఒక చిన్న సాక్స్ ప్రాక్సీని (మధ్యలో ఉండి బ్రౌజర్ డేటాను బయటికి అందించే ప్రోగ్రామ్) అదే కంప్యూటర్‌లో నడిపి, ఫైర్‌ఫాక్స్‌కి 127.0.0.1 (అంటే ఇదే కంప్యూటర్) చూపించాలి. సాక్స్ 5 వాడేటప్పుడు డీఎన్‌ఎస్ (సైటు పేరుకి అడ్రస్ వెతికే పని) కూడా ప్రాక్సీ గుండా పంపే టిక్ పెట్టడం మరవద్దు. వీడియో కాల్‌కి మాత్రం ఈ పద్ధతిని నమ్ముకోవద్దు.

సమస్య: కట్టిన యాప్‌కి నెట్టే రావట్లేదు

ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. మూడు చోట్ల వెతకండి. రెండు గేట్‌వేలు (లైన్ నుంచి బయటికి వెళ్లే ద్వారాలు) గొడవపడతాయని ఎవరో చెబితే రెండోది తీసేశారా? విస్టా వెర్షన్ నుంచి విండోస్ ఒక లైన్ అడ్రస్‌తో ఉన్న ప్యాకెట్‌ను ఆ లైన్ నుంచే పంపుతుంది. ఆ లైన్‌కి గేట్‌వే లేకపోతే ప్యాకెట్‌కి దారి ఉండదు. గేట్‌వే తిరిగి పెట్టండి, మెట్రిక్ తేడా ఉంటే గొడవ రాదు.

రెండోది, రెండు రౌటర్లూ 192.168.1.1 మీదే ఉండటం. ఒకదాన్ని 192.168.2.1కి మార్చండి. మూడోది, రీస్టార్ట్ తర్వాత అడ్రస్ మారిపోవడం. యాప్‌ను అడ్రస్‌కి కాకుండా ఇంటర్‌ఫేస్ పేరుకి కట్టండి. ఆ వీలు లేకపోతే రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కి ఒక అడ్రస్ రిజర్వ్ చేయండి.

సమస్య: మెట్రిక్ మార్చినా కొన్ని సైట్లు పాత లైన్‌లోనే వెళ్తున్నాయి

ఐపీ వెర్షన్ 6కి మెట్రిక్ విడిగా ఉంటుంది. అక్కడ కూడా అవే అంకెలు వేయండి.

సమస్య: వైర్ పెట్టగానే వైఫై ఊడిపోతోంది

అనవసరమైన కనెక్షన్లు తగ్గించాలని విండోస్ చేసే పని అది. వైఫైని చేత్తో మళ్లీ కనెక్ట్ చేయండి. యూఎస్‌బీ టెదరింగ్ (కేబుల్‌తో ఫోన్ నెట్ పంచుకోవడం) వాడితే ఈ చిక్కు చాలావరకు ఉండదు.

లైనక్స్‌లో

లైనక్స్‌లో అయితే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ (మిగతావాటితో సంబంధం లేని విడి నెట్‌వర్క్ గది లాంటిది) ఉంది. యూఎస్‌బీ టెదరింగ్ ఇంటర్‌ఫేస్‌ను అందులోకి పంపి, యాప్‌ను అక్కడి నుంచే మొదలుపెడితే దానికి వేరే లైన్ ఉన్నట్టే తెలియదు. సైట్ల పేర్లు దొరకట్లేదంటే ఆ నేమ్‌స్పేస్‌కి విడిగా డీఎన్‌ఎస్ ఫైల్ పెట్టాలి. నేమ్‌స్పేస్ కాకుండా రూటింగ్ రూల్స్‌తో విడగొట్టినప్పుడు ప్యాకెట్లు వెళ్తున్నా జవాబులు అందకపోతే, రివర్స్ పాత్ ఫిల్టర్ (వచ్చిన ప్యాకెట్ సరైన దారిలోనే వచ్చిందా అని చూసే తనిఖీ) కఠినంగా ఉందేమో చూడండి. 1 (కఠినం) ఉంటే 2 (సడలింపు) చేయండి.