మనోళ్లే కదా అని వదిలేయొద్దు: పర్లాకిమిడి వైపు పోలింగ్‌కు ముందు జాగ్రత్తలు

ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి బజారులో టీ కొట్టు దగ్గర నిలబడి, మన పార్టీకి ఓటు ఎవరు వేస్తారని అడిగితే సగం మంది చెయ్యెత్తుతారు. పోలింగ్ నాటి సాయంత్రం ఓటర్ల లిస్టు తీసి చూసుకుంటే వాళ్లలో చాలామంది పేర్ల పక్కన టిక్కు ఉండదు. వాళ్లను అవతలి పార్టీ లాక్కుపోలేదు. ఒకాయన పాతపట్నంలో చుట్టాలింటికి వెళ్లిపోయాడు. ఒకామెకు లిస్టులో పేరు దొరకలేదు. ఇంకొకరికి ఎండ. ఏళ్ల తరబడి బూత్ పని చేస్తున్నా, ఇప్పటికీ మా కుర్రాళ్లు ఎదుటివాడి ఓటరు వెంట పడి మన ఓటరును గాలికి వదిలేస్తారు. ఈ జాగ్రత్తలన్నీ ఆ ‘మనోళ్ల’ గురించే.

మొదటి పని లిస్టు. మా చేతికొచ్చేది ఒడియా లిస్టు. ఇక్కడి తెలుగు ఇళ్లలో తాతలకు ఊళ్లో ప్రతి మనిషీ తెలుసు, ఒడియా చదవడం రాదు. మనవలు ఒడియా బడిలో చదివారు, లిస్టు గడగడా చదివేస్తారు, ఎవరు ఎవరో తెలియదు. అందుకే ఒక తాతను, ఒక మనవణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి పేజీ పేజీ చదివించండి. కుర్రాడు ‘లొఖ్మీ’ అని చదివితే తాత ‘మన కిరాణా కొట్టు లక్ష్మిరా’ అంటాడు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా వాళ్లు చివర రాస్తారు, ఎక్కించినవాళ్లు ఒక ఇంట్లో అలా, పక్కింట్లో ఇలా ఎక్కించారు. ఒకే ఇంట్లో తండ్రి పేరు ఒక తీరుగా, కొడుకు లైనులో అదే తండ్రి పేరు ఇంకో తీరుగా ఉంటుంది. కంగారు పడక్కర్లేదు, ఫొటో, ఇంటి నంబరు చూసి పక్కన పెన్సిల్‌తో తెలుగులో రాసుకోండి. నాలుగు సాయంత్రాలు పడుతుంది. ఆ నాలుగు సాయంత్రాలు ర్యాలీ మానేసినా నష్టం లేదు (నాయకుడితో మాత్రం ఈ మాట నేనన్నానని చెప్పకండి).

లిస్టు చదువుతుంటే బయటపడే పెద్ద చిల్లు కోడళ్లు. టెక్కలి నుంచో, పాతపట్నం నుంచో పెళ్లయి వచ్చి ఐదారేళ్లవుతుంది, ఓటు ఇంకా పుట్టింట్లోనే ఉంటుంది. అలాంటివారికి ఫారం 8తో చిరునామా మార్పించాలి. పద్దెనిమిది నిండిన పిల్లల కొత్త ఓటుకు ఫారం 6. ఇవి నామినేషన్ల చివరి తేదీకి పది రోజుల ముందే వేసేయాలి. ఆ తర్వాత వేస్తే ఈ ఎన్నికకు పనికిరాకపోవచ్చు.

ఇక సరిహద్దు ఊళ్లకే ఉన్న తలనొప్పి, రెండు రాష్ట్రాల్లో రెండు ఓటరు కార్డులు. 2024 మే 13న ఆంధ్రాలోనూ, ఇటు బరంపురం, కొరాపుట్ లోక్‌సభ స్థానాల్లోనూ ఒకేరోజు పోలింగ్. ‘పొద్దున అక్కడ వేసి మధ్యాహ్నం ఇక్కడికొస్తాను బావా’ అని మాటిచ్చినవాళ్లు నాకు తెలుసు. వాళ్లను మన లెక్కలో వేసుకోవద్దు, తోలుకురావద్దు. ఒక మనిషి పేరు రెండు నియోజకవర్గాల్లో ఉండకూడదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. పేరు కోసం తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది వరకు జైలు. రెండుచోట్లా వేస్తే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ప్రకారం రెండు ఓట్లూ చెల్లవు. పైగా ఎడమ చూపుడు వేలి మీద సిరా దాచడం ఎవరి తరం? కొరాపుట్ వైపు కొటియా గ్రామాల్లో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయిగా అని కొందరు వాదిస్తారు. ఆ ఇరవయ్యొక్క ఊళ్లు ఏ రాష్ట్రానివన్న గొడవ 1968 నుంచి సుప్రీంకోర్టు దాకా నలిగిన వ్యవహారం. మన వీధికి ఆ సాకు పనికిరాదు. ఎక్కడ ఉంటున్నారో అక్కడ ఒక్క ఓటు ఉంచుకుని రెండోది ఫారం 7తో తీయించుకోమని చెప్పండి.

విశాఖలో, విజయనగరంలో పనిచేసుకుంటున్న మనవాళ్లకు పదిహేను రోజుల ముందే ఫోన్ చేయండి. ముందురోజు చేస్తే గుణుపురం ప్యాసింజర్లో కాలు పెట్టే చోటుండదు. ఓటు ఉన్న కార్మికుడికి పోలింగ్ రోజు జీతంతో సెలవివ్వాలని చట్టంలోనే ఉంది. చాలామంది మేస్త్రీలకు అది తెలియదు, తెలిసినా చెప్పరు. ఛార్జీలు మనం పెడదామనే ఆలోచన మాత్రం రానివ్వొద్దు.

బండ్ల సంగతి చెప్పాలంటే నా తప్పే చెప్పాలి. 2024లో ఆరుగురు ముసలమ్మలు ‘ఏటి బాబూ, ఈ ఎండలో నడవలేం’ అంటే ఒక ఆటో మాట్లాడాను. మూడు వందలు. ఆటో వెనక పార్టీ స్టిక్కరు ఉందన్న సంగతి కూడా చూసుకోలేదు. బూత్ దారిలో ఎన్నికల తనిఖీవాళ్లు (ఫ్లయింగ్ స్క్వాడ్) ఆపి అడిగితే డ్రైవరు పాపం ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆటో స్టేషన్‌కు పోయింది. ముసలమ్మల్లో నలుగురు కొంగు నెత్తిన కప్పుకుని నడిచి వెళ్లి ఓటేశారు, ఇద్దరు వెనక్కి తిరిగిపోయారు. సాయంత్రం వరకు నేనూ ఆ డ్రైవరూ స్టేషన్ బయట వేపచెట్టు కింద కూర్చున్నాం. అతని రోజు కూలి నా జేబులోంచి ఇచ్చుకున్నాను. ఆపినవాళ్లది తప్పేం లేదు. ఓటర్లను తీసుకెళ్లడానికి అభ్యర్థి తరఫున బండి పెడితే మూడు నెలల వరకు జైలు, గెలిచినా ఎన్నికకే ఎసరు. సొంత బండి మీద సొంత ఇంటివాళ్లను తీసుకెళ్లడంలో తప్పులేదు. కాబట్టి ఏ ముసలమ్మను ఏ కొడుకు, ఏ మనవడు తీసుకెళ్తాడో వారం ముందే వాళ్లింట్లోనే తేల్చండి. 85 ఏళ్లు దాటినవారికి, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ఇంటి దగ్గరే ఓటు వేసే వీలుంది. అందుకు ఫారం 12డి ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపే ఇవ్వాలి, తర్వాత ఎంత బతిమాలినా కాదు.

డబ్బు, మందు గురించి పొడిగా చెప్తాను: ముట్టుకోవద్దు. ఓటు కోసం డబ్బు ఇచ్చినా పుచ్చుకున్నా ఏడాది వరకు జైలు. పోలింగ్ ముగిసే వేళకు 48 గంటల ముందు మైకులు, సభలు ఆగిపోవాలి, ప్రచారానికి వచ్చిన బయటివాళ్లు నియోజకవర్గం వదిలి వెళ్లాలి. పాతపట్నం నుంచి సాయానికొచ్చిన మేనమామ కొడుకైనా సరే, మహేంద్రతనయ దాటించేయండి.

పోలింగ్ రోజు మనం ఓటర్లకిచ్చే చీటీలు తెల్ల కాగితం మీదే ఉండాలి, గుర్తు గానీ అభ్యర్థి పేరు గానీ ఉండకూడదు. లిస్టులోని పార్ట్ (భాగం) నంబరు, సీరియల్ నంబరు పెద్ద అంకెల్లో రాయండి. ఎన్నికల సంఘం వాళ్లిచ్చే చీటీ కూడా గుర్తింపు కార్డు కాదు. ఓటరు కార్డు కనబడకపోతే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న పాస్‌బుక్ లాంటివి చెల్లుతాయి. రేషన్ కార్డు చెల్లదు, మా వీధిలో ఎక్కువమంది పట్టుకొచ్చేది అదే. బూత్‌కు వంద మీటర్ల లోపు ప్రచారం మాట ఎత్తొద్దు. మన పార్టీ టేబుల్ ఎక్కడ వేయాలో ముందురోజే అధికారిని అడగండి. ఎండ చూసి అక్కడ మజ్జిగ పంచుదామనిపిస్తుంది, పంచొద్దు, అదీ ఫిర్యాదు అవుతుంది. సీసాలో నీళ్లు ఇంటినుంచే తెచ్చుకోమనండి. బూత్‌లో మన తరఫున కూర్చునే ఏజెంటు, మిషన్‌ను సరిచూసే మాక్ పోల్ (నమూనా ఓటింగ్) కోసం పోలింగ్‌కు గంటన్నర ముందే అక్కడుండాలి.

రెండు ఎన్నికలూ కలిసొస్తే రెండు మిషన్లుంటాయి: తెల్ల కాగితం ఎంపీ, గులాబీ కాగితం ఎమ్మెల్యే. మొదటి బీప్ వినగానే పని అయిపోయిందనుకుని బయటకొచ్చే పెద్దవాళ్లున్నారు. ‘అత్తా, బీప్ రెండుసార్లు వినాలి’ అని ఇంటి దగ్గరే ముందురోజు చెప్పిపెట్టండి.

పెద్దవాళ్లను పొద్దున తొమ్మిదిలోపు పంపేస్తే మంచిది. రెండింటికి లిస్టు చూసి టిక్కు లేని ఇళ్లకు మళ్లీ వెళ్లండి. మీ బూత్ ఎన్నింటికి మూస్తారో ముందే కనుక్కోండి, సమస్యాత్మక ప్రాంతాల్లో ముందే మూసేస్తారు. మూసే వేళకు క్యూలో ఉన్నవాళ్లందరికీ చివరి మనిషి నుంచి మొదలుపెట్టి అధికారి చీటీలిస్తారు, ఎంత రాత్రయినా వాళ్లు వేయొచ్చు. ఆరు వరకు టైముంటే, ఐదున్నరకు ‘ఇంకేం వెళ్తాంలే’ అని మంచం మీద వాలినవాడి తలుపు కూడా కొట్టండి.