యూదు వంశవృక్షం, నాలుగో పాఠం: ఆ ఒక్క ఏడాది తేడా

ఈసారి కేతుబా, అంటే పెళ్లి ఒప్పందపత్రం, చదవడం నేర్పుదామనుకున్నాను. కిందటి అభ్యాసంలో ఒక యూదుడి సమాధి రాయి చదివి అతను ఏ ఏడాది పోయాడో తేల్చమన్నాను. మీ జవాబులు చూశాక కేతుబాను వాయిదా వేయక తప్పలేదు. రాయి మీద ఏడాదిని తెలిపే హీబ్రూ అక్షరాల విలువలు చక్కగానే కూడారు: తవ్ 400, రేష్ 200, సామెఖ్ 60, వెరసి 660. 5000 మామూలుగా చెక్కరు కాబట్టి హీబ్రూ సంవత్సరం 5660. ఆ తర్వాత దాన్ని క్రీస్తు శకంలోకి మార్చడానికి 660కి 1240 కలిపి 1900లో పోయాడని రాసేశారు. నెల కిస్లేవ్ అని రాయి మీదే ఉంది కదా!

హీబ్రూ కొత్త సంవత్సరం సెప్టెంబర్, అక్టోబర్లలో తిష్రీ నెలతో మొదలవుతుంది. అందుకే తొలి మూడు నెలలైన తిష్రీ, హెష్వాన్, కిస్లేవ్‌లకు కలపాల్సింది 1239. అయిదో నెల షెవాత్ నుంచి చివరిదైన ఎలూల్ దాకా 1240. నడుమనున్న తేవేత్‌కూ దాని అంచులకూ మార్పిడి పట్టిక చూడాల్సిందే. శాలివాహన శకానికి 78 కలిపేవాళ్లు జనవరి నుంచి ఉగాది లోపు 79 కలపరూ? ఇదీ అంతే.

ఒక్క ఏడాదే కదా అంటారేమో. అభ్యాసంలో అతని భార్య 1900 మార్చిలో వితంతువుగా మళ్లీ పెళ్లాడింది. మీ లెక్కలో మొగుడింకా బతికే ఉన్నాడు, కాబట్టి ఆమె ఇంకెవరో అని కొట్టేశారు. రెండో పెళ్లి సంతానమంతా వృక్షంలోంచి ఎగిరిపోయింది. అతను పోయింది 1899లో.

రాయి మీది చేతుల గుర్తు కొహెన్‌లకు, అంటే పూజారి వంశానికి, కూజా లేవీయులకు, అంటే ఆలయ సేవకుల వంశానికి, అది తెలిసిందే. నేనైతే ముందు రాయి, ఆ తర్వాతే రిజిస్టరు చూస్తాను. పెళ్లయిన ఆడవాళ్ల రాళ్ల మీదా సాధారణంగా తండ్రి పేరే ఉంటుంది, పుట్టింటి కొమ్మ అక్కడ దొరుకుతుంది.

పెళ్లి రిజిస్టర్ల గురించి ఒక్క మాట. ఆస్ట్రియా ఏలుబడిలోని గలీషియాలో (నేటి పోలండ్, ఉక్రెయిన్లలోని ప్రాంతం) చాలామంది యూదులు మతాచారం ప్రకారం పెళ్లి చేసుకుని ఊరుకున్నారు. సర్కారు ఆ పెళ్లిని లెక్కలోకి తీసుకోలేదు, పిల్లల్ని అక్రమ సంతానంగా తల్లి ఇంటిపేరుతో రాసింది. ఎదిగిన పిల్లలున్న జంట పెళ్లి నమోదు కనిపిస్తే కంగారుపడకండి.

అభ్యాసం: రాయి మీద రోజు తేత్-వావ్ (9+6), నెల హెష్వాన్, ఏడాది తవ్-రేష్-ఖాఫ్-హే (400+200+20+5). అతని భార్య పేరున్న ఒక వితంతువు 1865 జనవరిలో సినగాగులో (యూదుల ప్రార్థనా మందిరంలో) పెళ్లాడినట్టు నమోదు ఉంది. యూదు ధర్మం ప్రకారం వితంతువు మారుమనువుకు 90 రోజులు ఆగాలి. ఈమె ఆమేనా? మార్పిడి పట్టిక చూసి తేల్చి, కారణం రాసి పంపండి.