పాత టర్న్‌టేబుల్ స్లోగా తిరుగుతుంటే: నా అనుభవం

చిత్తూరులో కొన్న పాత ఐడ్లర్ వీల్ టర్న్‌టేబుల్‌ని (మోటారు ఒక రబ్బరు చక్రం ద్వారా తిప్పే రికార్డు ప్లేయర్) తిరుపతి తెచ్చి పెడితే పాట సాగుతూ వచ్చేది. సూది మార్చినా, స్టెబిలైజర్ పెట్టినా, కొత్త రబ్బరు చక్రం వేసినా లాభం లేదు.

చివరికి ప్లగ్ తీసి, ఆఫ్‌లోనే ప్లాటర్‌ని (రికార్డు పెట్టే పళ్లెం) చేత్తో తిప్పాను. వదలగానే ఆగిపోయింది. ఎత్తి చూస్తే బేరింగ్‌లో గ్రీజు ముదురు పాకంలా బిగుసుకుపోయి ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో బేరింగ్, మోటారు పుల్లీ, ప్లాటర్ లోపలి అంచు తుడిచాను. బేరింగ్ అడుగున చిన్న ఉక్కు గుండు ఉంటే జాగ్రత్త, దొర్లితే వెతకడం కష్టం. బాగా ఆరాక బేరింగ్‌లో కుట్టుమిషన్ నూనె కొద్దిగా వేశాను, రబ్బరుకి మాత్రం అస్సలు అంటనివ్వలేదు. తర్వాత స్పీడు సరిచూడ్డానికి స్ట్రోబ్ డిస్క్ పెట్టాను. అది గీతలున్న బిళ్ల, స్పీడు సరిగ్గా ఉంటే బల్బు వెలుగులో గీతలు ఆగినట్టు కనిపిస్తాయి. మన 50 హెర్ట్జ్ కరెంటుకి నిమిషానికి 33⅓ చుట్ల స్పీడులో 180 గీతల డిస్క్ కావాలి. మామూలు ఫిలమెంట్ బల్బు కింద చూస్తే గీతలు కదలకుండా నిలిచాయి!

నా దాంట్లో తప్పు బేరింగ్‌దే, అన్నింట్లో అదే కాకపోవచ్చు. బెల్ట్ మోడల్ అయితే ముందు సాగిన బెల్ట్‌నే అనుమానించండి.