చీకట్లో కెమెరా – 4వ పాఠం: చేతి వణుకు, బొమ్మలో నాయిస్

పోయిన వారం ఇచ్చిన పని చేశారా? తిరుపతి గోవిందరాజస్వామి గుడి గోపురం, లైట్లు వేశాక, వీధిలోంచి, స్టాండు లేకుండా. 50 మి.మీ. లెన్స్, ఎఫ్/4 (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ), షట్టర్ 1/10 సెకను. స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఆపి అయిదు బొమ్మలు, వేసి అయిదు. కంప్యూటర్లో బాగా పెంచి చూస్తే మొదటి అయిదింటిలో ఒక్కటైనా నిలిచి ఉంటే మీది గట్టి చెయ్యి.

చేతి వణుకుకు పాత లెక్కొకటుంది. 50 మి.మీ. లెన్స్‌కు 1/50 కంటే నెమ్మదిగా పోకూడదు. మనలో చాలామంది దగ్గరుండే ఏపీఎస్-సీ సెన్సర్‌కు (పాత ఫిల్మ్ ఫ్రేమ్ కంటే చిన్నది) ఆ 50ని 1.5తో హెచ్చిస్తే సుమారు 1/80. స్టెబిలైజేషన్ మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు షట్టర్ సమయం రెట్టింపు) కాచిందనుకోండి: 1/40, 1/20, 1/10. ఐఎస్‌ఓ (పడిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 3200 పెట్టాల్సిన చోట 400తో పనైపోతుంది.

స్టెబిలైజేషన్ రెండు రకాలు. కానన్ 1995లో తెచ్చిన 75-300 లెన్స్‌లో వణుకుకు ఎదురుగా జరిగేది లోపలి గాజు. కోనికా మినోల్టా 2004లో 7డీ బాడీలో సెన్సర్‌నే జరిపింది. ఈ రెండోదాంట్లో మనబోటివాళ్లకు లాభం ఏమిటంటే, మామయ్య బీరువాలోని పాత మాన్యువల్ లెన్స్ తగిలించినా పనిచేస్తుంది, ఎన్ని మి.మీ.దో మెనూలో చెప్పాలి, అంతే.

అయితే గోపురం కదలదు. తిరుపతి గంగమ్మ జాతరలో వేషగాళ్లు కదులుతారు. అదే 1/10తో తీస్తే వెనక గోడ సూదిలా, ముందు మనిషి పొగలా వస్తాడు. స్టెబిలైజేషన్ ఆపేది మీ వణుకును, ఆయన చిందును కాదు. 1/250 కావాలి. వెలుగు అంతే ఉంటే ఐఎస్‌ఓ 400 కాస్తా 10,000 అవుతుంది. లెన్స్‌ను ఎఫ్/2కు తెరిస్తే 2500కు దిగుతుంది. అందుకే జాతరకు కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ కంటే చవక 50 మి.మీ. లెన్స్ మేలంటాను.

ఇక నాయిస్, అంటే బొమ్మ మీద ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు. వాకిట్లో పది చెంబులు పెట్టండి. జోరువానలో అన్నీ దాదాపు సమానంగా నిండుతాయి. నాలుగు చినుకులు రాలి ఆగితే ఒకదాంట్లో మూడు, పక్కదాంట్లో సున్నా. సెన్సర్ మీద వెలుగు పడేదీ అలాగే. పిక్సెల్‌కు (సెన్సర్ మీది ఒక్కో చుక్కకు) 10,000 ఫోటాన్లు, అంటే వెలుగు చినుకులు, పడితే హెచ్చుతగ్గు 100, అంటే ఒక శాతం. 100 పడితే హెచ్చుతగ్గు 10, పది శాతం. నాయిస్‌కు మొదటి కారణం ఈ కరువే. ఐఎస్‌ఓ దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది.

జాతరలోనే దీనికి రుజువుంది. నామం పూసుకున్న బైరాగి వేషం, బొగ్గు పూసుకున్న తోటి వేషం ఒకే ఐఎస్‌ఓతో తీసి చూడండి. తెల్లటి ఒళ్లు నున్నగా, నల్లటి ఒళ్లు ఇసుక చల్లినట్టు వస్తుంది.

ఒక ఏడాది నేను ఐఎస్‌ఓ 1600 దాటనివ్వనని పంతం పట్టాను. బొమ్మలన్నీ చీకటి. ఇంట్లో కంప్యూటర్లో వాటి వెలుగు పెంచితే తోటి వేషాల మీద చారలు కూడా తేలాయి. 6400 పెట్టి ఉంటే ఇంతకంటే శుభ్రంగా వచ్చేవి. ఇసుక పడ్డ ముఖాన్ని గుర్తుపట్టొచ్చు, అలుక్కుపోయిన ముఖాన్ని పట్టలేం.

వచ్చేవారానికి పని: వానలు పడ్డాక కపిలతీర్థం జలపాతం, కెమెరాకు ఒప్పుకునే చోటినుంచి, సాయంత్రం, 1/4 సెకను, స్టెబిలైజేషన్ వేసి. రాయి నిలవాలి, నీళ్లు పాలలా జారాలి. ఊపిరి సగం వదిలి నొక్కండి. పది తీస్తే రెండు నిలిచినా పంపండి.