‘కుడ్’ రాసిన చోట అర్థం మారిపోతోందా?

గుంటూరు బ్రాడీపేటలో ఇన్నేళ్లుగా ఇంగ్లీషు నేర్పుతున్నాను. మోడల్ సహాయక క్రియ దగ్గర వాక్యం తప్పిందని ఎవరు కాగితం తెచ్చినా మొదట దాని పక్కనున్న మాటనే చూస్తాను. క్యాన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్ అనే ఈ 9 మోడల్ క్రియల తరువాత వచ్చే క్రియ మూలరూపంలోనే, అంటే గో, కమ్ లాగా ఏమీ చేరకుండా, మారకుండా ఉండాలి. ‘హి క్యాన్ గోస్’, ‘షి మస్ట్ టు కమ్’, ‘ఐ కుడ్ వెంట్’ మూడూ అక్కడే తప్పాయి. అర నిమిషమైనా పట్టని ఈ పరీక్షను వదిలేసి కాలాల పట్టికలు వల్లె వేసేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

ఈ పరీక్షలో నెగ్గిన వాక్యం కూడా చదివేవారికి వేరే అర్థం ఇస్తోందంటే, చాలాసార్లు కారణం మన ‘గలిగాము’లో ఉంటుంది. మిర్చి ఎగుమతి కార్యాలయంలో పనిచేసే నా విద్యార్థి ఒకరు, సోమవారం కంటైనరులోకి సరుకు ఎక్కించగలిగామని కొనుగోలుదారుకు తెలపడానికి ‘వుయ్ కుడ్ లోడ్ ద కంటైనర్ ఆన్ మండే’ అని రాసి చూపించారు. వ్యాకరణం సరిపోయిందని నేనే పంపించమన్నాను. అవతలివారు దానిని రాబోయే సోమవారం ఎక్కించవచ్చుననే ప్రతిపాదనగా గ్రహించి, మరో వారం ఆగమని బదులిచ్చారు. అప్పటికే సరుకు గుంటూరు దాటింది.

తెలుగులో ‘గలిగాను’ అనగానే శక్తి ఉన్నదనీ, పని జరిగిందనీ రెండూ తెలుస్తాయి. ‘కుడ్’ మాత్రం గతంలో ఉన్న సామర్థ్యాన్ని చెబుతుందే గాని, ఒకసారి పూనుకొని సాధించిన పనిని చెప్పదు. దానికి ‘వాజ్ ఏబుల్ టు’ గాని ‘మేనేజ్డ్ టు’ గాని కావాలి. ఆ ఉత్తరానికైతే ‘వుయ్ లోడెడ్’ చాలును. ఈ పొరపాటు ఏళ్ల తరబడి పట్టుబడకపోవడానికి కారణమున్నది: జరగని పనికి ‘కుడ్ నాట్’ ఎప్పుడూ సరిపోతుంది, చూడటం, వినడం వంటి క్రియలతో ‘కుడ్ సీ’, ‘కుడ్ హియర్’ కూడా సరైనవే. అందువల్ల రాసే ముందు తెలుగు వాక్యంలో ‘గలిగాను’ను ‘గలిగేవాడిని’ లేదా ‘గలిగేదాన్ని’ అని మార్చి చూడండి. ‘చిన్నప్పుడు కృష్ణలో ఈదగలిగేవాడిని’ అన్నట్లు అర్థం నిలిస్తే ‘కుడ్’ రాయవచ్చు. ‘నిన్న బెజవాడ బస్సు అందుకోగలిగేవాడిని’ అన్నప్పుడు బస్సు తప్పిపోయినట్లు వినిపిస్తుంది కనుక అక్కడ ‘కుడ్’ పనికిరాదు.

‘అక్కర్లేదు’ అనవలసిన చోట ‘మస్ట్ నాట్’ రాస్తే ‘కూడదు’ అవుతుంది. ‘డోంట్ హ్యావ్ టు’ అని దిద్దుకోండి. షల్, విల్ తేడా వల్ల ఉత్తరం చెడటం అరుదు, దానికోసం వెతకనవసరం లేదు.