కాలేయం ఎడమ లోబ్ గడ్డకు ఈయూఎస్ సూది: ముక్క సరిగ్గా తీయడం ఎలా

ఈయూఎస్ అంటే కొసన అల్ట్రాసౌండ్ ఉన్న ఎండోస్కోప్‌ను నోటి ద్వారా దించి చూడడం; దాంట్లోంచే సూదిని పొట్ట గోడ గుండా కాలేయంలోకి దించుతాం. సూది చేతిలోకి తీసుకునే ముందు స్కాన్ ఫిల్ములు మరోసారి చూడండి. సిర్రోసిస్ ఉన్న (మచ్చలు పడి గట్టిపడిన) కాలేయంలో ఒక సెంటీమీటరు దాటిన గడ్డ ధమని దశలో (స్కాన్ కోసం ఎక్కించిన కాంట్రాస్ట్ మందు ధమనుల్లో ఉన్నప్పుడు) మొత్తంగా మెరిసి, తర్వాతి దశల్లో చుట్టుపక్కల కాలేయం కంటే నల్లబడితే అది హెపాటోసెల్యులార్ కార్సినోమానే (కాలేయ కణాల క్యాన్సర్). దానికి బయాప్సీ అక్కర్లేదు, అనవసరంగా పొడవకండి. సిర్రోసిస్ లేకపోయినా, గడ్డ అంచు మాత్రమే మెరిసినా, వేరే అవయవం నుంచి పాకిందేమోనన్న అనుమానం ఉన్నా ముక్క కావాలి. హైలార్ కొలాంజియోకార్సినోమా (కాలేయం ముఖద్వారం దగ్గరి పిత్తనాళ క్యాన్సర్) అనుకుని కాలేయ మార్పిడి ఆలోచిస్తున్న రోగికి మాత్రం అసలు గడ్డలో సూది దించొద్దు. సూది దారిలో క్యాన్సర్ కణాలు పడితే మార్పిడి అవకాశమే పోతుంది.

కాలేయాన్ని అంకెలతో విడదీసిన సెగ్మెంట్లలో 2, 3, 4, అలాగే వెనక వైపున్న చిన్న భాగం కాడేట్ లోబ్ పొట్టలోంచి బాగా అందుతాయి. 7, 8 సెగ్మెంట్లు అందవు. వాటికి చర్మం గుండా వెళ్లే సూదే మేలు.

ప్లేట్‌లెట్లు 50,000 పైన, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే సమయాన్ని చూపే అంకె) 1.5 లోపు ఉండాలన్నది మామూలు లెక్క. కానీ సిర్రోసిస్‌లో ఐఎన్‌ఆర్ అంకె రక్తస్రావం ముప్పును సరిగ్గా చెప్పదు. అంకె దిద్దడానికని ప్లాస్మా ఎక్కిస్తే పోర్టల్ సిరలో (పేగుల రక్తాన్ని కాలేయానికి తెచ్చే సిర) పీడనం పెరుగుతుంది. రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ మందును 5 నుంచి 7 రోజుల ముందు ఆపాలి, అదీ గుండె డాక్టరుతో మాట్లాడాకే.

సూది దించేందుకు వీలున్న లీనియర్ స్కోప్‌ను అన్నవాహిక దాటించి, కాస్త అపసవ్యంగా తిప్పితే ఎడమ లోబ్ కనిపిస్తుంది. 22 గేజ్ బయాప్సీ సూది చాలు. రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్ వేసి, మధ్యలో రక్తనాళం గానీ పొట్టలోని వేరిసెస్ (ఉబ్బిన సిరలు) గానీ లేని దారి వెతకండి. గడ్డ కాలేయం ఉపరితలానికి ఆనుకుని ఉంటే నేరుగా దిగకండి. కొంత మామూలు కాలేయం గుండా వెళ్తే, సూది తీశాక ఆ కణజాలమే రంధ్రాన్ని నొక్కి మూస్తుంది. గడ్డ లోపలికి చేరాక కోణం మారుస్తూ 10 నుంచి 15 సార్లు ఆడించండి. ఆ సమయంలో సూది లోపలి సన్నని తీగ అయిన స్టైలెట్‌ను నెమ్మదిగా లాగాలి. పెద్ద గడ్డల నడిమి భాగం చచ్చిపోయి ఉంటుంది కాబట్టి అంచు దగ్గర తీయండి. నమూనా అంతా రక్తమే వస్తుంటే సక్షన్ (సిరంజితో పీల్చడం) ఆపేయండి. తెల్లటి దారపు పోగుల్లాంటి కణజాలం కంటికి కనిపించేదాకా రెండు, మూడు సార్లు దించాల్సి రావచ్చు. సూది బయటికి తీశాక డాప్లర్ వెంటనే ఆపకండి. సూది దారిలో ప్రవాహం ఆగేదాకా చూస్తూ ఉండండి.

ముక్కను 10 శాతం ఫార్మలిన్‌లో వేయండి. కణాలు దాదాపు మామూలుగానే కనిపించే తొలి రకం క్యాన్సర్‌ను కణాల స్మియర్ ఒక్కదానితో తేల్చడం కష్టం, అందుకే ముక్క కావాలి. పక్క కాలేయం నుంచి కూడా కొంచెం పంపితే పోల్చి చూడడం తేలిక. పాథాలజిస్టుకు స్కాన్ రిపోర్టు ఇచ్చి, అర్జినేస్-1, గ్లైపికాన్-3, రెటిక్యులిన్ స్టెయిన్ పరీక్షలు అడగండి.

స్కోప్ లోపల ఉండగానే సీలియాక్ గ్రంథులు (పొట్ట వెనకున్న లింఫ్ గ్రంథులు), పోర్టల్ సిర, కాలేయం చుట్టూ చేరిన కొద్దిపాటి నీరు చూసుకోండి. స్కాన్‌లో దొరకని గ్రంథి ఇక్కడ బయటపడితే ఆపరేషన్ నిర్ణయమే మారిపోవచ్చు. చర్మం గుండా అందని కాడేట్ లోబ్ గడ్డకు ఇదే దారిలో రేడియోఫ్రీక్వెన్సీ సూదితో కాల్చడం అనుభవమున్న కేంద్రాల్లో చేస్తారు.

తర్వాత మొదటి గంట ప్రతి 15 నిమిషాలకూ నాడి, బీపీ రాయండి. కుడి భుజంలో నొప్పి, నాడి వేగం, బీపీ తగ్గడం కనిపిస్తే కడుపులో రక్తం చేరుతోందనుకుని వెంటనే అల్ట్రాసౌండ్, హిమోగ్లోబిన్ చూడండి.