మొక్కల సారంలో నట్టల నివారణ గుణాన్ని పరీక్షించే పద్ధతి

గొర్రెలు, మేకల నాలుగో పొట్టలో చేరి రక్తం పీల్చే హీమాంకస్ కాంటార్టస్ అనే నట్ట వల్ల జీవాలకు కనురెప్పల లోపలి పొర పాలిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది, చికిత్స ఆలస్యమైతే ప్రాణం పోతుంది. ఆల్బెండజోల్, లెవమిసోల్, ఐవర్‌మెక్టిన్ అనే మూడు మందులనూ తట్టుకునే నట్టలు ఇప్పటికే తయారయ్యాయి కాబట్టి వేప, మోదుగ గింజలు, వాయువిడంగాల వంటి వాటిపై పరిశోధన ఎంతో అవసరం. అయితే గాజు పళ్ళెంలో పురుగు చచ్చినంత మాత్రాన అది మందు అయిపోదు. ఆ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని నిజాయితీగా కొలవడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా మొక్కను వృక్షశాస్త్రజ్ఞుల చేత గుర్తింపజేసి, ఒక నమూనాను హెర్బేరియంలో (ఎండు మొక్కల నమూనాలు దాచే చోట) భద్రపరచి, దాని సంఖ్యను రాసుకోవాలి. ఏ భాగాన్ని ఏ కాలంలో సేకరించారో కూడా నమోదు చేయాలి, ఎందుకంటే ఒకే చెట్టు ఆకుల్లోని టానిన్ల (వగరునిచ్చే పదార్థాల) పాళ్ళు కాలాన్ని బట్టి మారిపోతాయి. నీడలో ఎండబెట్టి పొడి చేశాక నీటితో ఒక సారాన్ని, మద్యసారంతో మరొక సారాన్ని తీసి విడివిడిగా పరీక్షించడం మంచిది. వేడి విషయంలో తొందరపడకూడదు. 1971లో చైనా శాస్త్రవేత్త తు యూయూ బృందం మాచిపత్రి జాతి మొక్క నుంచి తక్కువ ఉష్ణోగ్రత వద్ద ఈథర్‌తో సారం తీసినప్పుడే మలేరియాపై దాని శక్తి స్పష్టంగా బయటపడింది. మరిగిస్తే అందులోని గుణం నశిస్తుంది. మలేరియా మందు ఆర్టెమిసినిన్ దొరికింది ఆ దారిలోనే.

తొలి పరీక్షగా, సారం నట్ట గుడ్లను పొదగకుండా ఆపుతుందో లేదో చూసే గుడ్లు పొదిగే పరీక్షను ఎంచుకోవాలి. పెంటికలను నేల మీద నుంచి కాకుండా నేరుగా జీవం మలద్వారం నుంచే తీసుకుని, జల్లెడల గుండా వడపోసి, సంతృప్త ఉప్పు ద్రావణంలో గుడ్లను తేల్చి, ఉప్పు పోయేదాకా నీటితో కడగాలి. సేకరించిన 3 గంటల్లోపు ఇదంతా ముగియాలి, లేకపోతే పిండాలు పెరగడం మొదలై ఫలితం తప్పుతుంది. పరీక్ష పళ్ళెంలోని ఒక్కొక్క చిన్న గుంటలో సుమారు 100 గుడ్లు వేసి, సారాన్ని కనీసం ఐదు గాఢతల్లో, ప్రతి గాఢతనూ మూడేసి గుంటల్లో కలిపి, 25 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ వద్ద 48 గంటలు ఉంచి, ఆ తర్వాత అయోడిన్ చుక్కతో పొదగడాన్ని ఆపాలి. పక్కనే మంచినీటి గుంటలు, సారాన్ని కరిగించిన ద్రావణి మాత్రమే ఉన్న గుంటలు, నట్టల మందైన థయాబెండజోల్ ఉన్న గుంటలు పోలిక కోసం తప్పనిసరిగా ఉండాలి. ద్రావణి గుంటల్లోనే గుడ్లు పొదగకపోతే ఆ ప్రయోగాన్ని పక్కన పెట్టవలసిందే.

లెక్కపెట్టేటప్పుడు పొదగని గుడ్లన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. పిండం అసలు పెరగలేదా, లేక లోపల లార్వా పూర్తిగా తయారై మెలికలు తిరుగుతూ కూడా పెంకును దాటలేకపోయిందా అన్నది మైక్రోస్కోపు కింద స్పష్టంగా కనిపిస్తుంది. ఈ రెండూ సారం పనిచేసే తీరులో తేడాకు సూచనలు కాబట్టి వేర్వేరు వరుసల్లో రాయాలి. టానిన్లే కారణమని అనుమానం ఉంటే, వాటిని పట్టి ఉంచే పాలీవినైల్‌పాలీపైరోలిడోన్‌తో సారాన్ని శుభ్రపరచి మళ్ళీ పరీక్షించాలి. ప్రభావం మాయమైతే అనుమానం బలపడుతుంది.

ఇక్కడ కాగితం మీద ఒక చిన్న లెక్క వేయాలి. పళ్ళెంలో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల సారం పనిచేసిందనుకుందాం. పట్టించిన సారం ముందుగా చేరే గొర్రె మొదటి పొట్టలో 10 లీటర్ల ద్రవం ఉందంటే, అదే గాఢత రావడానికి 100 గ్రాముల సారం పట్టించాలి. ఎండు ఆకులో పదో వంతే సారంగా వస్తే ఒక్క మోతాదుకు కిలో ఆకు కావాలి. పైగా పొట్టలోని సూక్ష్మజీవులు ఆ పదార్థాలను విరగ్గొడతాయి. ఈ లెక్క కుదరని సారాన్ని జీవాల వరకు తీసుకెళ్ళడం వాటిని అకారణంగా బాధపెట్టడమేనని నా గట్టి అభిప్రాయం.

లెక్క కుదిరి, విషప్రభావ పరీక్షలు పూర్తయి, జంతు నైతిక సంఘం అనుమతి లభించాకే మందలో ప్రయోగం చేయాలి. జీవాలను తూకం వేసి, పెంటికల్లోని గుడ్ల సంఖ్యను బట్టి సమంగా గుంపులు చేసి, ఒక్కో గుంపులో కనీసం పదింటిని ఉంచాలి. మందు పట్టించని గుంపు లేకపోతే గుడ్లు వాటంతటవే తగ్గాయో, సారం వల్ల తగ్గాయో తేల్చలేము. గదులున్న గాజు పలకపై గుడ్లను లెక్కించే మెక్‌మాస్టర్ పద్ధతిలో 3 గ్రాముల పెంటికలను 42 మిల్లీలీటర్ల ద్రవంలో కలిపి, రెండు గదుల్లో కనిపించిన గుడ్ల మొత్తాన్ని 50తో హెచ్చిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో తెలుస్తుంది. మందు పట్టించిన 14వ రోజున మళ్ళీ లెక్కించాలి. రసాయనిక మందుల విషయంలో 95 శాతం కంటే తక్కువ తగ్గుదలను నట్టలు మందుకు లొంగడం లేదనడానికి గుర్తుగా చూస్తారు. మొక్కల సారాన్నీ ఆ కొలబద్దతోనే పోల్చి చెప్పాలి. అయితే ఆడ నట్టలు గుడ్లు పెట్టడం కొద్దిరోజులు మానుకున్నా సంఖ్య తగ్గుతుంది కనుక, వీలైన చోట వధ తర్వాత నాలుగో పొట్టలోని నట్టలనే లెక్కించాలి. పాలలో, మాంసంలో ఆ పదార్థం ఎన్నాళ్ళు మిగిలి ఉంటుందో కూడా కొలిచాకే రైతుకు మోతాదు సూచించాలి.